వంటావార్పు నాడు పెట్టె చెవి తిప్పిన కత

మా రాష్ట్రం మాకు కావాలెనని ఉద్యమం జోరు మీదున్న రోజులు. జనగామల మాది నెట్ సెంటర్. ముందట రోడ్డుకు దుకాణం, ఎనుక మేముండే ఇల్లు. బంద్ అంటే షెటర్ గుంజుడే, గాని నాకు పనాగలే. మా షెటర్ ముందట్నే దీక్ష టెంటేసిన్రు. టెంటోళ్లకు ఫోటోలు పంపనీకి నెట్ కావాలెనంటే నేనే నోరార పాస్‌వర్డ్ చెప్పిన. ఇంకేముంది, పొద్దుగూకే వరకు బజారంత పాకింది.

ఆ దినం వంటావార్పు. రోడ్డు మీద్నే పొయ్యి వెట్టి, బండ్లు ఆపి, వండుకోని అక్కడ్నే కూసోని తినుడు. మా ముందట మూడు రాళ్ల పొయ్యి ముట్టిచ్చిన్రు. అదే దినం, అదే పగటి పూటనే, మా చెల్లెకు ఇంటర్వ్యూ.

చెల్లె అంటే తోడవుట్టింది కాదు. మహబూబాబాద్ దిక్కు తండా పిల్ల. మేమైతే మానుకోట అంటం. నర్సు చదువు చదివి మా ఎనుక అర్రల కిరాయికుండేది. పొద్దుగూకితే ఫోన్ల వాళ్ల యాడీతోటి వాళ్ల భాషల మాట్లాడేది. నాకు ఒక్క ముక్క తెల్వకున్నా, ఆ తల్లి, బిడ్డ నౌకరి సంగతే అడుగుతున్నదని ఈమె మొఖం చూస్తే తెలిసేది. ఆఖరుకు హైదరాబాద్ల ఓ పెద్ద దవాఖానోళ్లు పిలిచిన్రు. పిలిచిన నాడే బస్సుల్లేవు, రైళ్లు లేవు. ఫోన్ చేసి బతిమిలాడితే, సరే, కంప్యూటర్ల మొఖం చూసి అడుగుతమన్నరు. "గిది గూడ పోతే తండాకు పోయి పత్తి ఏరుడే అక్కా" అన్నది.

దుకాణంల కూసోవెడ్దామంటే డప్పుల మోతకు చెవులు పగులుతున్నయి. అందుకే ఎనుక అర్రల నా ల్యాప్‌టాప్ ముందట కూసోవెట్టిన. వైఫై పెట్టె మాత్రం దుకాణంల అటక మీదుంటది. దాని తీగ పొట్టిది, ఎనుక దాక రాదు. ముందుగాల పరీక్షకు మా తమ్మునికి వీడియో కాల్ కలిపి చూసినం. బొమ్మ ఆగుతది, మాట ముక్కలైతది. చెల్లె మొఖం గింతయింది.

కతేందంటే, ఆ పెట్టెకు గూడ చెవి ఉంటది. ఎంత సన్నగ పిలిస్తే పలకాలెనో మనం నంబర్ పెట్టొచ్చు. రిసీవర్ సెన్సిటివిటీ అంటరు. నంబర్ మైనస్‌ల ఉంటది, సున్న దిక్కు జరిపినకొద్ది చెవి మొద్దువడ్తది. కొన్ననాడు ఉన్నట్టే వదిలిపెడితే, ఎక్కడో సందు మల్పుల ఉన్న ఫోన్ సన్నగ గొణిగినా పలుకుతది. గసొంటి దూరపు ఫోన్లు ఒక్క ముచ్చట చెప్పనీకి జాము సేపు తీస్తయి, దగ్గరోళ్లంత ఆగాలె. చెవిని జర మొద్దు చేస్తే దూరపువి వాటంతలవే జారిపోతయి. పాస్‌వర్డ్ మార్చేస్తే ఒక్క నిమిషంల అయిపోతుండె, కాదనను. ఇచ్చిన నోటితోటే లేదనుడు నాతోని కాదు.

దుకాణం కంప్యూటర్ల ఆ పెట్టె సెట్టింగు తెరిచి మైనస్ డెబ్బై పెట్టిన. ఫోన్లన్ని ఊడిపోయినయి. "అక్కా, నాది గూడ పోయింది!" అని ఎనుకకెల్లి చెల్లె మొత్తుకున్నది. రెండు గోడలు దాటి వచ్చే ఆమె పిలుపు గూడ సన్నదే మరి. మైనస్ డెబ్బై అయిదు పెట్టిన. ఆమె నిలవడ్డది. నీడకని మా షెటర్‌కు ఒరిగి కూసున్న వంటోళ్లు గూడ నిలవడ్డరు. వాళ్లది చెల్లెకంటె గట్టి పిలుపు. చెల్లెను ఉంచి వాళ్లను జార్చే నంబరే లేదు. అండ్ల వాళ్లు పాటలు దించుకుంటున్నరు! నాకు తిక్క లేసింది. పక్క సందులకెల్లి రోడ్డు మీదికి పోయిన.

"అవ్వా, జర పొయ్యి అటు జరుపుతరా? లోపల పిల్లకు నౌకరి ఇంటర్వ్యూ ఉన్నది" అన్న, వంట చూసే ముసలవ్వతోటి.

"ముట్టిచ్చిన పొయ్యి జరుపుతరానె? తెలివున్నదా నీకు?" అని కస్సుమన్నది. ఫోన్ల సంగతి చెప్పిన. "గంతేనా! గట్ల చెప్పరాదు మరి!" అని ఖాళీ బగోన ఒకటి పట్టుకోని లేసింది. "ఏయ్, ఫోన్లన్ని ఇండ్ల వెయ్యిన్రి! పొద్దటిసంది ఒక్కడన్న ఉల్లిగడ్డ కోసిండా?"

అందరియి గుంజుకోని మూత పెట్టింది. నేను లోపలికొచ్చి కంప్యూటర్ల చూస్తే పెట్టెకు కలిసిన ఫోన్ల పేర్లు ఒక్కొక్కటే మాయమైతున్నయి. చుట్టూ అల్యూమినియం, మీద మూత, ఇగ పిలుపు బయటికెట్ల వస్తది? నాకు నవ్వాగలే.

ఇంటర్వ్యూ నేను తలుపు సందుల నిలవడి విన్న. సెలైన్, సూదులు, కాన్పులు, ఏదడిగినా చెల్లె టకటక చెప్పింది. నా కడుపు నిండింది. ఆఖరుకు అవతలి మేడమ్ నవ్వుకుంట అడిగింది. "ఆ డప్పులేంటమ్మా? మీ వైపు రోజూ ఇదేనా? ఉద్యోగంలో చేరాక నువ్వు కూడా వెళ్తావా వీటికి?"

పోనని చెప్పు, పోనని చెప్పు అని నేను చెయ్యి ఊపుతనే ఉన్న. చెల్లె నా దిక్కు చూసింది, మల్ల తెర దిక్కు చూసింది.

"డ్యూటీ ఎగ్గొట్టను మేడమ్. డ్యూటీ దిగినంక అయితే పోత. మావోళ్లే గద."

తెర నల్లగయింది.

నేను పెట్టిన నంబరే ముంచిందనుకోని దుకాణంలకు ఉరికిన. పెట్టెల చెల్లె పేరు ఉన్నది. పిలుపు మంచిగున్నది. నెట్ యాడ తెగలే. ఆ దవాఖానోళ్లే కాల్ కోసేసిన్రు.

తిరిగొచ్చేసరికి చెల్లె ఇంక తెర ముందట్నే కూసోనున్నది. "సిగ్నల్ పోయిందా అక్కా?" అన్నది.

అవునంటే ఆ పిల్ల పాణం నిమ్మలమైతుండె. అవునని నోటి దాక వచ్చింది నాకు.

"పోలే చెల్లె," అన్న. "నీ మాట మొత్తం వినవడ్డది వాళ్లకు."