మూడో తలుపు

హౌరా నుంచి బాబూఘాట్ వెళ్లే లాంచీలో నా పక్కన ఒకావిడ రేకు తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె పేరు అడగలేదు. తలుపు మాత్రం బాగా గుర్తుంది: కొత్త రేకు, లోపలివైపు రెండు గడియలు, బయటివైపు తెల్లరంగు అక్షరాలు.

అది కోల్‌కతా వాట్‌గంజ్‌లో వాళ్ల తెలుగు బస్తీ ఆడవాళ్ల స్నానాలగదికి. బంగ్లాదేశ్ నుంచి వచ్చి పక్క వరుసలో చేరిన ఆడవాళ్లూ అక్కడే స్నానం చేస్తున్నారని, బస్తీ కుర్రాళ్లు అప్పటికే రెండు తలుపులు పీకేశారట.

“ఆళ్లొచ్చాకే ఈ గోలంతా అప్పా. ఆళ్లని రావద్దంటే సరిపోద్ది కదేటి,” అన్నాడు ఆమె వెంట వచ్చిన పొరుగింటతను.

“తలుపు పీకింది ఆళ్లేటిరా? నీ తమ్ముడు కాదేటి? రేపు ఆళ్లు మానేస్తే, ఎల్లుండి నా కూతురు మానాలేటి?”

నేను అక్షరాలు చదివాను. తెలుగులోనూ బెంగాలీలోనూ ఒకటే మాట: ‘ఈ తలుపు పీకినవాడి పేరు’. కింద జానెడు ఖాళీ.

“ఖాళీ ఎందుకమ్మా?”

“పీకినోడి పేరు రాసి, ఈ తలుపుని ఈధి మొదట్లో నిలబెడతాం బాబూ. రంగు ఇంకా మిగిలుంది.” పొరుగతని వైపు తిరిగింది. “నీ తమ్ముడికి సెప్పు. ఆడి పేరు పొడుగే గానీ, పట్టుద్దిలే.”

రేవులో ఇద్దరు తెలుగు ఆడవాళ్లు, ఇద్దరు బెంగాలీ ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. నలుగురూ తలుపు ఎత్తుకున్నారు. అక్షరాలు రోడ్డువైపు ఉండేలా ఆమె తిప్పించింది.

ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. వాటిలో గడియ చూపించనక్కర్లేదు. ఆ రోజు నుంచి నేను గీసే స్నానాలగదులకు మాత్రం చూపిస్తాను.