రెండో స్ట్రెచర్

నిన్న చీర కొనడానికి ధర్మవరం వెళ్లి ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. లోపల మగ్గం ఆడుతోంది. ఆ టకటక చప్పుడు చెవిన పడగానే నా వీపు నిటారైంది, చేతిసంచిని గట్టిగా పట్టుకున్నాను. కొన్నేళ్ల కిందట, గోడ అవతలి నుంచి అదే చప్పుడు వినిపించే గదిలో, ప్రతి గురువారం నాగరత్నమ్మగారి ఎదుట అలాగే కూర్చునేదాన్ని, దొంగను కాపలా కాస్తున్నట్టు.

నా పేరు సువార్త. హిందూపురంలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సుని. ఆ ఏడు నాకు నిద్ర కరువైంది, తిండి సయించలేదు. స్ట్రెచర్ చక్రాల చప్పుడు వింటే పక్కగదిలోకి తప్పుకునేదాన్ని. ఒకరోజు రోగికి సూది వేయబోయి అలాగే నిలబడిపోయాను. డాక్టరు డిప్రెషన్ అని మాత్రలు రాశారు. కౌన్సెలింగ్ చేయించుకుని, పనికి తగుదునని ఉత్తరం తెస్తేనే మళ్లీ క్యాజువాలిటీ అన్నారు ఆఫీసులో. లేకపోతే స్టోర్‌రూములో దూది, గాజుగుడ్డ సర్దుకోవలసిందే. మా అమ్మ ఇంకో మాట అంది: "ప్రార్థన తగ్గితేనే వస్తాదమ్మా ఇట్లాంటి జబ్బు." సండే స్కూల్లో పిల్లలకు వాక్యం నేర్పేదాన్ని నేను. లోపల నాదీ ఆ భయమే.

కౌన్సెలింగ్‌కు ధర్మవరంలో నాగరత్నమ్మగారి దగ్గరికి పంపారు. ఆమె నేత ఇంటి ఆడపడుచు. ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి, రిటైరయ్యాక ఈ చదువు చదివారు. నుదుట రూపాయంత బొట్టు. మొదటిరోజు కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి తీసుకోమన్నారు. నేను మూయలేదు. ఇది ఏ పూజో, ఎవరి ధ్యానమో అని మనసులో ప్రభువు పేరు తలచుకుంటూ ఆమెనే చూశాను. ఆమెకు నవ్వొచ్చింది.

"తెరిచే పెట్టుకోమ్మా. మీ దేవున్ని నేనేం ఎత్తకపోనులే. పాదాలు నేలకు ఆనించు, సాలు."

ఆ మాటా నమ్మలేదు. ఆమె ఒడిలో నల్ల అట్ట నోటుబుక్కు ఉండేది. నేను మాట్లాడితే రాసేవారు కాదు, ఊరుకుంటే రాసేవారు. అదంతా మా మేట్రన్‌కు చేరుతోందని నా అనుమానం. రైలు పెనుకొండ దాటేలోపు ఆ వారం ఏం చెప్పాలో, ఏం దాచాలో తేల్చుకునేదాన్ని.

నాలుగో వారం, ఈ జబ్బు మొదలైన రోజు క్యాజువాలిటీలో జరిగింది చెప్పమన్నారు. మా చర్చి సంఘంలో లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పినట్టే చెప్పాను. అప్పటికే ఒక ఆదివారం అందరి ముందూ చెప్పి ఉన్నాను గనుక మాటలు వరుసగా వచ్చాయి. పట్టపగలు హైవే మీద ఆటో బోల్తాపడి రెండు స్ట్రెచర్లు వచ్చాయి. ఒకమ్మాయి కాలు నలిగి కేకలు పెడుతోంది. రక్తం ఆగడం లేదు. ప్రార్థిస్తూ కట్టు కట్టాను. ఆ అమ్మాయి బతికింది. దేవునికి స్తోత్రం.

ఆమె నోటుబుక్కు మూసి పెట్టారు.

"రెండు స్ట్రెచర్లు వచ్చినాయంటివి. నేనూ ముప్ఫై ఏండ్లు అవి తోసినదాన్నే. రెండోది యాడ పోయిందమ్మా?"

"మీకెవరు చెప్పినారు? మేట్రన్ ఫోన్ చేసిందా?" అని అరిచాను.

"నువ్వే కదమ్మా, ఇప్పుడు చెప్తివి."

అప్పుడు చెప్పాను. రెండో స్ట్రెచర్ మీద ఒక నడివయసు మనిషి. ఒంటిమీద గాయం కనబడలేదు. "నాకేం కాలేదు, ఆ పాపను చూడుపోమ్మా" అన్నాడు. నేను పోయి ఆ అమ్మాయిని చూశాను. తిరిగొచ్చేసరికి అతని చేయి చల్లబడి ఉంది. కడుపులోపలే రక్తం పోయింది. ఇది చెబుతూ, ఎవరూ చెప్పకుండానే కళ్లు మూసుకున్నాను.

"నీ సాక్ష్యంలో ఆయప్పకు సోటు లేదా?"

"సాక్ష్యమంటే గెలుపుతో ముగియాల మేడమ్."

"ఎవరు పెట్టినారమ్మా ఆ రూలు?"

ఏడుపుతోనే ముగిసిపోయే ప్రార్థనలు బైబిలు లేఖనాల్లో ఉన్నాయి. చిన్నప్పుడే కంఠతా పట్టాను. ఆమె అడిగేదాకా అవి నాకు గుర్తే రాలేదు.

రెండు నెలల తర్వాత, మా సూపరింటెండెంటుకు ఇమ్మని ఒక కవరు అంటించి ఇచ్చారు. రైలు పెనుకొండ చేరకముందే చింపి చదివాను. "నర్సు సువార్త పనికి తగినదే. ఆ రోజు ఇద్దరు రోగులకు ఈమె ఒక్కతే ఉంది. ఇకమీదట ఆ గదిలో ఎవరినీ ఒంటరిగా పెట్టవద్దు." అంతే. సిగ్గుతో పెనుకొండలో దిగి, బస్సెక్కి మళ్లీ ధర్మవరం పోయాను.

"చింపినావా?" అని నవ్వారు. "చింపుతావనే అంటిస్తి. చేతికిచ్చి సదువుకోమనింటే, నన్ను మంచి చేసుకునేదానికి రాసిందిలే అనుకొనుందువు." ఇంకో కవరు తీసి, ఉత్తరం అందులో పెట్టి, దాన్నీ అంటించారు! నల్ల నోటుబుక్కు బల్ల మీదే ఉంది. అందులో ఏముందో అడగాలనిపించలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆఫీసువాళ్లు చివరి వాక్యం దగ్గర ముఖం చిట్లించినా నన్ను క్యాజువాలిటీకి పంపారు. రెండో నర్సు రావడానికి ఇంకా చాలా నెలలు పట్టింది.

నేను మళ్లీ డ్యూటీలో చేరాక వచ్చిన ఆదివారం సంఘంలో లేచి, రెండో స్ట్రెచర్ మీది మనిషి గురించి చెప్పాను. అతను చనిపోయాడన్నచోట ఆపి కూర్చున్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు తర్వాతి పాట నంబరు వెతుక్కున్నారు. ఆరాధన అయ్యాక మా అమ్మ పక్కకు వచ్చి మెల్లగా అడిగింది: "ఆయప్ప పేరేందమ్మా?"

చెప్పాను.

నాగరత్నమ్మగారు ఇప్పుడు లేరు. డ్యూటీకి వెళ్లేముందు నేను ఆ పేరు పలికి, అతని ఇంటివాళ్ల కోసం ప్రార్థిస్తాను. వెంటనే స్తోత్రం చెప్పను. కాసేపు ఊరుకుంటాను. ఆ కాసేపు దేవుడు కూడా నాతోపాటు ఊరుకుంటాడని నా విశ్వాసం.