వరదరాజన్ రంగూన్‌లో చిక్కిపోయిన వైనం

వరదరాజన్ రంగూన్‌లో ఒక బర్మా ఆమెను ఉంచుకున్నాడని, నాలుగు రోజుల కాపురానికే నలిగి నారై తిరిగి వచ్చాడని, ఆమె ఇచ్చిన లక్క డబ్బాను దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకుంటాడని మిల్లు లైన్లలో ఇరవై ఏళ్లుగా ఒక మాట తిరుగుతూ ఉంది. ఇందులో నిజాలు లేకపోలేదు. అతను రంగూన్ వెళ్లాడు. నాలుగు రోజులు ఉన్నాడు. చిక్కి వచ్చాడు. డబ్బా కూడా ఉంది, అయితే దేవుడి గూట్లో కాదు, వంటింట్లో ఉంది, భార్య పాప్పాత్తి అందులో మెంతులు పోసుకుంటుంది. ఆమె కూడా ఉన్నమాటే. కాకపోతే ఆమెకు అప్పటికే డెబ్భై ఏళ్లు. బర్మా ఆమె కాదు, కాకినాడ ఆమె.

వరదరాజన్ కోయంబత్తూరులో, పీళమేడు దాటాక వచ్చే ఒక నూలు మిల్లులో స్టోరు మేస్త్రీ. దూలాన్ని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, లోపల పుచ్చు ఉందో లేదో చెప్పగలడు. ఇంట్లో మాట తెలుగు, గడప దాటితే అరవం. ఆ తెలుగు ఎప్పుడో తాతల తాతలు వెంట తెచ్చుకున్నది. దాన్ని బడిలో ఎవరూ చెప్పలేదు, ఇంట్లో ఎవరికీ రాయడం రాదు. మిల్లులో ఇద్దరు తెలుగువాళ్లు కలిసి మాట్లాడుకుంటే పక్కనున్న వాళ్లు వాళ్ల గొణుగుడును అనుకరించి నవ్వేవాళ్లు. మేనేజరు కూడా నవ్వేవాడు, కాకపోతే ఆయన తలుపు వేసుకుని నవ్వేవాడు.

ఆ ఏడు మిల్లులో కొత్త షెడ్డు లేపుతున్నారు. కప్పుకు నలభై టేకు దూలాలు కావాలి. రంగూన్‌లో పేర్రాజు అనే కాకినాడ వ్యాపారి మంచి కర్ర అమ్ముతాడని తెలిసింది. మేనేజరు వరదరాజన్‌ను పిలిపించి, నీ ఇంటి భాష ఇంట్లో పిల్లిని తోలడానికి తప్ప ఎందుకూ కొరగాదనుకున్నాను, ఈసారి మిల్లుకు పనికొస్తుందేమో చూపించు అన్నాడు. ఓడ ఖర్చు మిల్లుది, నవ్వు మేనేజరుది. నలభై దూలాలూ తెచ్చి షెడ్డు ముందు దించితే ఆ నవ్వు ఆగుతుందని అనుకున్నాడు వరదరాజన్. పాప్పాత్తి దారికి వేయించిన పిండి, బెల్లం పాకం కలిపి పొరివిలంగాయ ఉండలు కట్టి ఇచ్చింది. అవి పంటికి లొంగాలంటే ఒక్కొక్కదానికి అరగంట పడుతుంది.

ఓడ దిగేసరికి పేర్రాజు తానే రేవుకు వచ్చి ఉన్నాడు. నిండైన మనిషి, తెల్లటి పంచె, నవ్వు మొహం. "రండి రండి. ప్రయాణం సుఖంగా సాగిందాండీ?" అన్నాడు.

వరదరాజన్‌కు ముప్పై ఆరేళ్లు. తన ఊరు కాని మనిషి నడివీధిలో, గొంతు తగ్గించకుండా తెలుగు మాట్లాడగా వినడం అదే మొదలు.

పేర్రాజు ఇంట్లోనే బస. ఇంట్లో పేర్రాజు, అతని ముసలి తల్లి, తంజావూరు నుంచి వచ్చిన అరవ వంటమనిషి. సందు చివర ఒక అరవ సాపాటు కొట్టు కూడా ఉంది. కాళ్లు కడుక్కోగానే పేర్రాజు, భోజనానికి లేస్తారా అని అడిగాడు.

"అవసరం లేదుంగ" అన్నాడు వరదరాజన్.

ఇక్కడ ఒక సంగతి విడమరచాలి. చివరి ఉంగ మన అండీ లాంటిదే, దానితో చిక్కు లేదు. కోయంబత్తూరు తెలుగు ఇళ్లలో అవసరం అంటే తొందర. ఎందుకురా ఇంత అవసరం, నమిలి తిను అని పిల్లలను కసురుతారు. తొందర అంటేనో, ఇబ్బంది. ఎవరింటికైనా వెళ్తే, మీకు తొందర ఇచ్చాం అని చెప్పుకుంటారు. అరవం పక్కన ఇన్ని తరాలు కాపురం చేసి ఈ రెండు మాటలూ ఇళ్లు మారాయి. మారాయని వాళ్లకు తెలియదు. తెలియాలంటే ఇంకో ఊరి తెలుగువాడు కనబడాలి కదా.

పైగా అక్కడ ఒక మర్యాద ఉంది. పిలిచిన వెంటనే విస్తరి ముందు కూర్చునేవాడు కరువులో పుట్టినవాడి కింద లెక్క. అవసరం లేదుంగ అని ఒకసారి అనాలి. ఇంటివాళ్లు ఆ మాట చెవిన పెట్టకుండా ఆకు వేసేయాలి. వరదరాజన్ తన వంతు మాట అన్నాడు. పేర్రాజు ఆ మాట చెవిన పెట్టాడు. అతిథికి ఆకలి లేదు కాబోలు, ఓడ ప్రయాణంలో కడుపు తిప్పి ఉంటుందని తానొక్కడే తిని చెయ్యి కడుక్కున్నాడు. వరదరాజన్ గోడకు ఆనుకుని, వంకాయ కూర వాసనను బట్టి అందులో నువ్వులు పడ్డాయని కనిపెట్టాడు.

మర్నాడు పొద్దున మళ్లీ అడిగాడు పేర్రాజు. మళ్లీ అదే జవాబు. మొహమాటపడకండి, అవసరమైతే అడగండి అన్నాడు పేర్రాజు. ఆకలికి తొందరగా ఉంటే అడుక్కో అన్నట్టు వినబడింది వరదరాజన్‌కు. మర్యాద తెలిసినవాడు ఆ మాటకు చెయ్యి చాపడు. చాపలేదు. పొరివిలంగాయ ఉండలు రెండో రోజు మధ్యాహ్నానికి అయిపోయాయి. ఇంట్లో బస చేసి వీధిలో తింటే ఇంటివాళ్ల మొహాన ఉమ్మినట్టు అవుతుందని సాపాటు కొట్టు వైపు తలైనా తిప్పలేదు.

ఆ రోజే కర్రల అడితికి వెళ్లారు. వరదరాజన్ ఒక్కొక్క దూలాన్నీ తట్టి, చెవి పెట్టి, వాసన చూసి నలభై ఏరాడు. మిల్లులో దూది బేళ్లకు గుర్తులు పెట్టే నీలం సుద్దతో వాటి మొదళ్ల మీద గీతలు పెట్టాడు. ఖాళీ కడుపు మీద చెవి బాగా పని చేస్తుందని అతనికి అప్పుడే తెలిసింది. పేర్రాజు గొడుగు పట్టుకుని వెంట తిరుగుతుంటే వరదరాజన్‌కు కష్టంగా తోచింది. ఎండలో మీకు ఈ ఇబ్బంది ఎందుకు అనబోయి, "మీకెందుకుంగ ఇంత తొందర?" అన్నాడు.

పేర్రాజు గొడుగు ముడిచాడు. సరుకు అంటగట్టడానికి తొందరపడుతున్నావని తనను అన్నట్టు వినబడింది అతనికి. తరువాత, "ఇవన్నీ మీకు అవసరమేనాండీ?" అని అడిగాడు.

కప్పు పని చిత్తిరై ఎండల నెల దాటాక గాని మొదలు కాదు. వరదరాజన్ ఉన్నమాట చెప్పాడు. "అవసరం లేదుంగ. మెల్లిగా చూద్దాం."

కొననివాడు మర్యాదగా చెప్పే మాట అదేనని పేర్రాజుకు ముప్పై ఏళ్ల వ్యాపారంలో తెలుసు. ఆ సాయంత్రం అతను భోజనానికి రమ్మని ఒక్కసారే, అదీ గుమ్మం దగ్గర నుంచే అడిగాడు.

మూడో రోజు మధ్యాహ్నం వరదరాజన్ ఒక్కడే అడితికి వెళ్లాడు. గేటులోంచి ఎద్దుబండ్లు బయటికి వస్తున్నాయి. మొదటి బండి మీద దూలాల మొదళ్లకు నీలం గీతలు. రెండో బండి మీదా అవే. వాటి వెనక పరుగెత్తి, మూడు బండ్ల దూరం వెళ్లి, దారి పక్కన కూలబడ్డాడు. ఎవరో రిక్షాలో వేసి పేర్రాజు ఇంటికి చేర్చారు.

పేర్రాజు తల్లి వసారాలో వత్తులు చేసుకుంటూ ఉంది. ఆమె అతని మొహం చూసింది, కళ్లు చూసింది, లేచి లోపలికి పోయింది. తింటావా అని అడగలేదు. మజ్జిగన్నం కలిపి, ఆవకాయ ముక్క వేసి, గిన్నె అతని చేతిలో పెట్టింది. వరదరాజన్ మూడు గిన్నెలు తిన్నాడు. నాలుగోదానికి చెయ్యి అడ్డం పెట్టాడు గాని మాట అనలేదు. ఆమె వేసింది.

అడితి నుంచి వచ్చిన పేర్రాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మీరే కదండీ, అవసరం లేదన్నారు."

"లేదనే చెప్తినిగదుంగ. మెల్లిగా తినొచ్చు అని."

"మెల్లిగానా?"

"అవసరమంటే మీ ఊర్లో ఏముంగ?"

పేర్రాజు చెప్పాడు. వరదరాజన్ చేతిలో ముద్ద అలాగే ఆగింది. తరువాత తొందర సంగతి కూడా తేలింది. పేర్రాజు కుర్చీలో కూలబడి, తాను అయిదు పూటలు అతిథి కళ్ల ముందే భోంచేశానని వేళ్ల మీద లెక్కపెట్టి తలపట్టుకున్నాడు. అతని తల్లి మాత్రం, ఆకలి మొహం మీద కనబడుతుంటే మాటలు వింటారటరా అని వత్తులు చేసుకోవడానికి వెళ్లిపోయింది.

పద్నాలుగు దూలాలు అప్పటికే వేరేవాళ్లకు అమ్ముడై వెళ్లిపోయాయి. మిగిలినవి ఇరవై ఆరు. పేర్రాజు వాటిని తానే దగ్గరుండి ఓడకు ఎక్కించాడు. ముసలామె ఒక ఎర్రటి లక్క డబ్బా నిండా జంతికలు పోసి ఇచ్చింది. ఓడ దిగేదాకా అవి సరిపోయాయి.

షెడ్డు ముందు దూలాలు దించాక మేనేజరు లెక్కపెట్టి, తక్కినవి ఏవని అడిగాడు. అంతే దొరికాయి అన్నాడు వరదరాజన్. అయితే మీ భాష మూడింట రెండు వంతులు పని చేసిందన్నమాట అన్నాడు మేనేజరు. ఆ షెడ్డు కప్పు కింద నేటికీ పద్నాలుగు చోట్ల టేకుకు బదులు వేంగ కర్రే ఉంది. జరిగింది జరిగినట్టు చెబితే, తెలుగువాడికి తెలుగు రాలేదట అని లైన్లన్నీ నవ్వుతాయి. అందుకని అతను ఎవరికీ చెప్పలేదు, పాప్పాత్తికి కూడా. చెప్పకపోయేసరికి, ఎముకల గూడులా వచ్చినవాడికీ ఎర్ర డబ్బాకూ మధ్య ఖాళీలో జనమే ఒక బర్మా ఆమెను కూర్చోబెట్టారు. ఆమెను కాదనడం కన్నా ఉండనివ్వడమే అతనికి తేలికనిపించింది.

ఇరవై ఏళ్ల తరువాత పక్కింటి తిరుమలమ్మాళ్ మదురైలో ఒక పెళ్లికి వెళ్లింది. కథ అక్కడికి ముందే చేరి ఉంది, అక్కడ బర్మా ఆమెకు ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు. తిరుమలమ్మాళ్ ఊరు చేరి, సంచి ఇంట్లో పడేసి, నేరుగా వచ్చి వరదరాజన్ అరుగు మీద కూర్చుంది. చుట్టూ తిప్పి అడగడం ఆమెకు రాదు. ఆ డబ్బా ఎవరిదో చెప్పమంది. పిల్లల దాకా వచ్చింది కాబట్టి వరదరాజన్ మొదటి నుంచి చెప్పాడు. పాప్పాత్తి చాటలోని బియ్యం ఏరడం ఆపి వింది. అంతా విని, నా ఉండలు రెండో రోజుకే తినేశావా అని మాత్రం అడిగింది.

తిరుమలమ్మాళ్ అరుగు మీదే అతని వైపు జరిగింది.

"ఏమ్రా వరదా, సందు కొనలో అరవ సాపాటు కడ ఉండాదంటివి. ఆ ఇంట్లో వండేవాడే తంజావూరోడు అంటివి. ఆకలి, పసిక్కుదు అని వాడి దగ్గర అరవంలో ఒక్క మాట అనుంటే ఇలై వేసి వడ్డించుండేవాడే. ఎందుకు అడగకపోతివి?"

వరదరాజన్ లేచి వంటింట్లోకి వెళ్లి, డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చి కూర్చున్నాడు.

"పుట్టినాక మొదటిసారి మన మాట మాట్లాడే ఊరోళ్ల ఇంటికి పోతినిక్కా," అన్నాడు. "ఆ ఇంట్లో కూర్చోని అన్నం అరవంలో అడిగేదా?"