దెబ్బ తిన్నామెనే సారీ చెప్పమన్నారు

ఎమ్మెస్సీ నర్సింగ్ చదివేటప్పుడు, నర్సులు పడే ఇబ్బందుల మీద పరిశోధన కోసం పుంగనూరులో ఒక ఆసుపత్రికి వెళ్లాను. స్టాఫ్‌నర్సు సుజాతక్క, మంచాన పడిన ఒక అవ్వకు వీపున పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతూ నాతో మాట్లాడుతోంది. ఇంతలో పక్క మంచం రోగి అన్నయ్య వచ్చి, తమ్ముడి సెలైన్ అయిపోయిందని కేకలేశాడు.

"రవ్వంత ఉండప్పా. ఇప్పుడు వదిలితే అవ్వ కింద పడిపోతాది" అంది అక్క.

అతను ఆమె చెంప మీద కొట్టాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, అవ్వను పట్టుకున్న చేతులు వదల్లేదు.

పెద్ద డాక్టరు వచ్చి అక్కతోనే అన్నాడు, "వాళ్లు పలుకుబడి ఉండేవాళ్లు. సారీ చెప్పేయమ్మా, గొడవ యాల?"

నా ఒళ్లు మండిపోయింది. "కొట్టింది ఆయన సార్. నేను సూసినాను. స్టేషన్లో సాక్ష్యం చెప్తాను" అన్నాను.

"అట్లయితే నువ్వు మళ్లీ ఈడికి రావద్దు" అన్నాడాయన.

అక్కా నేనూ వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం. పోలీసులు అతని మీద కేసు పెట్టారు. నా పరిశోధన మదనపల్లెలో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అందుకు బాధ లేదు.

ఆ రోజు వార్డు నిండా జనమే. "నొప్పెట్టిందా తల్లీ?" అని అక్కను అడిగింది మాత్రం లేచి కూర్చోలేని ఆ అవ్వ ఒక్కతే. మిగతావాళ్ల మౌనం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

— ఒక పాఠకురాలు, కుప్పం