సైకిళ్ల షెడ్డు గోడ వెనక

శనివారం శనివారం మా అమ్మాయిని బడిలో సైకిల్ క్లబ్బు దగ్గర దింపి, నేను ఇంటికి వెళ్లేదాన్ని కాదు. స్కూటీ గేటు బయట పెట్టి, షెడ్డు గోడ వెనక నీళ్ల ట్యాంకు పక్కన నిలబడేదాన్ని. కాళ్లు పీకేసేవి. అయినా కదిలితే ఒట్టు. లోపల ఏ ఇనప ముక్క కిందపడినా నాకు పై ప్రాణం పైనే పోయేది.

దానికి పదిహేనేళ్లు. ఆటిజం. అంతకుముందు సంగీతం క్లబ్బులో మైకు కీచుమందని పక్కపిల్లను తోసేసింది. ఆ పిల్ల మోచెయ్యి చెక్కుకుపోయింది. ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను పిలిచి, ఎంతో మర్యాదగా, ఇక సైకిల్ క్లబ్బు ఒక్కటి చూద్దామన్నారు. అక్కడా ఇలాగే అయితే క్లబ్బుల వేళకి ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. ఆ మర్యాదకే నాకు ఎక్కువ భయమేసింది. ఈ క్లబ్బు కూడా పోతే దానికి తోటిపిల్లలంటూ ఎవరూ మిగలరు. క్లాసులో దాని పక్కన ఉండేది గోడే.

"ఏటే నీ భయం? పాత సైకిళ్లు బాగుచేత్తే ఎవుడికేటవుద్ది? మా నాన్న బతుకంతా సైకిలు మీదే డూటీకెల్లీవోడు," అనేవారు మా ఆయన, ప్లాంటు నుంచి వచ్చి బూట్లు విప్పుతూ. తండ్రులకేం, ఎన్నైనా చెబుతారు!

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. ఇద్దరికి ఒక సైకిలు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు నట్టు విప్పాలి. విప్పేముందు "పట్టుకున్నావా?" అని అడిగి తీరాలి. అంటే నోరు తెరవక తప్పదు. నా భయమంతా అక్కడే. ముందు పలకరించడమైనా రావాలి కదా అని ఇంట్లో నేర్పడం మొదలుపెట్టాను. నమస్తే అంటే ముఖం చూడాలి, అది చూడదు. మా ఇళ్లలో ఎవరొచ్చినా మొదటి మాట "తిన్నారా?" మా అత్తగారు గ్యాస్ బండ తెచ్చిన భయ్యాని కూడా "తిన్నావేటి బాబూ?" అని అడగనిదే పంపేది కాదు. ఆ మాటైతే ఎటు చూస్తూ అడిగినా చెల్లుతుంది. ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగిన దానికి తెలుగు కంటే హిందీ తేలిక కాబట్టి "ఖానా ఖాయా?" అని నేర్పాను.

నేర్చుకుంది. నేర్చుకుని నా కొంప ముంచింది! క్లబ్బు సార్‌ని, చౌకీదారుని, తనతో జంటగా పనిచేసే అమ్మాయిని, అందర్నీ అడగడమే. జవాబు చెప్పేదాకా వదలదు. నవరాత్రుల్లో ఆ జంటపిల్ల ఉపవాసం ఉంది. "వ్రత్ హై" అని ఎంత చెప్పినా మా మహాతల్లి మళ్లీ మళ్లీ అదే అడిగింది. షెడ్డంతా ఒకటే నవ్వు. గోడ వెనక నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్ల ఇక జంట మార్చమంటుందని వారమంతా వణికాను. ఎందుకో, మార్చమనలేదు.

ఆ తర్వాత ఒక శనివారం, ఎవరో గాలి ఎక్కువ కొట్టేసరికి షెడ్డులో ట్యూబు ఢామ్మని పేలింది. వెంటనే మా అమ్మాయి కేక. చెప్పులు ఎక్కడ వదిలేశానో తెలియదు, గుమ్మంలోకి పరిగెత్తాను. అది బల్ల కింద దూరి, తల బల్లకాలికేసి కొట్టుకుంటోంది. చేతిలో ఇనప పానా. ఆ జంటపిల్ల దాని వైపే వెళుతోంది. దగ్గరికెళ్లకు తల్లీ, విసిరేస్తుంది అని అరవబోయాను. నన్ను ఆగమని సార్ చెయ్యెత్తారు.

ఆ పిల్ల కాస్త ఎడంగా నేల మీద కూర్చుంది. మా అమ్మాయి వైపు చూడకుండా, చక్రం వైపు చూస్తూ, "ఖానా ఖాయా?" అని అడిగింది.

అడగడం నేర్పాను గానీ జవాబు నేర్పలేదు. దాన్ని కూడా ఎవరైనా అడుగుతారని నాకు తట్టనే లేదు.

ఆ పిల్ల మళ్లీ అడిగింది. అచ్చం మా దానిలాగే, వదలకుండా. తల కొట్టుకోవడం ఆగింది.

"ఖాయా," అంది మా అమ్మాయి. "ఉప్మా. అచ్ఛా నహీ థా."

తిందట. ఉప్మా అట. బాగోలేదట. ఆ పిల్ల పకపకా నవ్వి, వాళ్లమ్మ చేసేదీ అంతేనంది. మా అమ్మాయి పానా నేల మీద పెట్టింది.

తిరిగి వస్తుంటే, సెక్టర్ ఆరు మలుపులో ఉండబట్టలేక అడిగాను.

"ఉప్మా బాగోలేదేటే అమ్మా?"

స్కూటీ నెమ్మది చేసి, వెనక్కి తిరిగి మళ్లీ అడిగాను.

"ఎప్పట్నుంచి?"

"హమేశా," అంది. ఎప్పుడూ బాగోలేదట.

ప్రతి శనివారం పొద్దున్న దాని నోట్లో ముద్దలు కుక్కింది నేనే. ఇంకా ఏమేం బాగోలేవో అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగడానికి భయమేసింది.