కనకం గట్టు మీది జిల్లేళ్లు

మా చెల్లెలు కనకం పెంచుకుంటున్న జిల్లేడు మొక్కల్ని ఊరి మునసబు పీకించబోతున్నాడని కబురు రాగానే, బెజవాడలో బట్టలకొట్టు తమ్ముడికి అప్పగించి పొద్దుటి బందరు బండి ఎక్కాను. యుద్ధకాలం. మూడో తరగతి పెట్టెలో కాలు మోపే చోటు లేదు. గుడివాడలో ఇడ్లీ పొట్లం కొని నిలబడే తిన్నాను. పక్కనున్న పెద్దమనిషి ఎక్కడికని అడిగితే సంగతి చెప్పాను.

"జిల్లేడు పెంచడమేవిటండీ! ఇంట జిల్లేళ్లు మొలవా అని తిట్టుకుంటాం గదా!" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. బందరు దాకా అతనితో మళ్లీ మాట్లాడలేదు.

బందరులో చల్లపల్లి బస్సు దొరికింది. పెట్రోలు కరువై బొగ్గుతో నడుస్తున్న బస్సు. వంతెన ఎక్కలేకపోతే మమ్మల్నందర్నీ దింపి తోయించారు. చల్లపల్లి నుంచి ఒంటెద్దు బండిలో కనకం ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది.

ఆమె పొలం కాలవకు చిట్టచివర ఉంది. వరికి నీళ్లందవు. మా బావ పక్షవాతంతో మంచం పట్టాక దోసకాయలు పండించి ఆమే ఇల్లు నడుపుతోంది. అయితే ఊరి చుట్టూ ఉన్న తుమ్మచెట్లన్నీ బస్సుల బొగ్గు కోసం నరికేశారు. ఆ పూలతోపాటే తేనెటీగలూ పోయాయి. దోసతీగె విరగబూసినా పిందె నిలవలేదు. అప్పుడు కనకం, నీళ్లడగని మొక్క కదా అని జిల్లేడు గింజలు ఏరి తెచ్చి గట్టు పొడుగునా నాటింది. అవి మండుటెండల్లోనూ పూశాయి. తేనెటీగలు, తుమ్మెదలు, సీతాకోకచిలుకలు తిరిగొచ్చాయి. దోసపిందెలు నిలిచాయి.

నేను వెళ్లేసరికి ఆ మొక్కలు వేళ్లతో సహా గట్టు కింద కుప్పపడి ఉన్నాయి. వాడిన పూల మీద ఇంకా ఒక గండుతుమ్మెద తిరుగుతూనే ఉంది.

"మీ బావ మందుకని నేను చల్లపల్లి వెళ్లిన పూట చూసి పీకించాడన్నయ్యా," అంది కనకం.

చెప్పులు విప్పకుండానే మునసబు ఇంటికి నడిచాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"రండి, రండి. దాహం పుచ్చుకోండి," అన్నాడు.

"దాహం తరవాత. ఆ మొక్కలు మీకేం అపకారం చేశాయండీ?"

"ఊరికి అరిష్టమండీ. వానలు లేకపోవడం మీరూ చూస్తున్నారుగా."

"రథసప్తమి నాడు నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేశారా లేదా?"

"అది శాస్త్రమండీ."

"మీ నెత్తిన ఉంటే శాస్త్రం, మా చెల్లెలి గట్టున ఉంటే అరిష్టమా?"

అతను నోరు తెరిచేలోగా లోపలినుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "ఒరే, నిరుడు మన గుమ్మడిపాదు కాసిందని మురిశావే, ఆ పిల్ల గట్టు పూశాకే గదరా! అంతకుముందు పిందెలన్నీ రాలిపోలా?"

మునసబు వీధికేసి చూశాడు. "సరే, నాటుకోమనండి. గట్టు మీద మాత్రం కాదు, పొలం లోపల," అన్నాడు, వరమిస్తున్నట్టు. గట్టు మాత్రం ఎవరిది? అదీ ఆమెదే.

మర్నాడు పొద్దున్నే ప్రాణమున్న కొమ్మలు ఏరి, నేనూ కనకమూ గట్టు మీదే నాటాం. మునసబు మనుషులు ఇద్దరు పారలు పట్టుకుని వచ్చారు. వాళ్ల వెనకే మునసబు తల్లి కర్ర పొడుచుకుంటూ వచ్చి, గట్టు మీద చతికిలబడింది.

"ముందు నన్ను పీకండిరా," అంది.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక్కి మళ్లారు.

కొమ్మలు బతుకుతాయనే కనకం నమ్మకం. ఈ ఏటి దోసకాపు మాత్రం పోయినట్టే. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు, క్షమించమనీ అనలేదు. సాయంత్రం బందరులో బండెక్కాను. ఈసారి కిటికీ పక్కన చోటు దొరికింది, గాలి చల్లగా తగిలింది. అటువైపు వెళ్లదలిచినవాళ్లకు దారి ఇబ్బందే గాని వెళ్లలేనిదేమీ కాదు; ఆ ఊరి మంచినీళ్లు ఉప్పన, మనుషుల్లో మంచివాళ్లున్నారు. బెజవాడలో దిగేసరికి అలసట తీరింది గాని కోపం తీరలేదు. తీరకముందే రాయాలని ఇది రాశాను.