ఆరు వందల బిందెల బేరం

తొంభైల నడుమ ఒక వేసవిలో నన్ను జగిత్యాలకు వేశారు. హోదా వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్, గ్రేడ్ టూ. గ్రేడ్ వన్ వాళ్ళకు బొంబాయి ఆఫీసులో చల్లటి గది, గ్రేడ్ టూ వాళ్ళకు ఎండ. సర్వీసు రూల్సులో ఈ మాట ఎక్కడా రాసి ఉండదు గానీ, అన్ని రూల్సులకన్నా నిక్కచ్చిగా అమలయ్యేది ఇదొక్కటే.

గల్ఫ్ తీరంలో సహజవాయువును ఓడలకెక్కించి పరదేశాలకు అమ్మే కర్మాగారం ఒకటి అప్పుడు కడుతున్నారు. దాని పైపులన్నీ వరుసగా అతికితే భూమికి మొలతాడు కట్టి, మిగిలిన ముక్కతో చందమామకు ఒక కడియం చేయించవచ్చు. అతకడానికి వెల్డర్లు కావాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంటికొకరు సముద్రం దాటుతున్న కాలం అది. సముద్రం అవతల ఏ దేశమైనా అక్కడి వాళ్ళకు దుబాయే. మస్కట్ దుబాయి, దోహా దుబాయి, ఒక ముసలాయన లెక్కలో లండన్ కూడా దుబాయే. అందుకని అక్కడే క్యాంపు పెట్టి, ట్రేడ్ టెస్టు చేసి, నెగ్గినవాళ్ళను పంపమని నాకు ఉత్తర్వు.

ట్రేడ్ టెస్టు అంటే ఏమిటో చెప్పాలి. రెండు పైపు ముక్కలను ఏటవాలుగా బిగిస్తారు. పైపును తిప్పడానికి వీల్లేదు, మనిషే దాని చుట్టూ తిరుగుతూ అతకాలి. పైన అతికేటప్పుడు మనిషిలా నిలబడతాడు, పక్కన అతికేటప్పుడు కొంగలా వంగుతాడు, కింద అతికేటప్పుడు గబ్బిలమైపోతాడు. తర్వాత ఆ అతుకు మీదుగా పట్టీలు కోసి, ప్రెస్సులో పెట్టి గుర్రపు నాడాలా వంచుతాం. వెంట్రుక వాసి పగులు కనిపించినా ఫెయిలు. గ్యాసును మంచును మించిన చలిలో మోసే పైపులకు సగం పాసు అనే మాట లేదు.

కోరుట్ల రోడ్డు మీద మూతపడిన రైసు మిల్లు ఒకటి అద్దెకు తీసుకున్నాం. బోర్డు రాయడానికి కోరుట్ల నుంచి పెయింటర్ వచ్చాడు. "సహజవాయు ద్రవీకరణ, ఎగుమతి కేంద్ర నిర్మాణానికి వెల్డర్ల ఎంపిక శిబిరం" అని రాసిచ్చాను. ఆయన దాన్ని ముందు నుంచి ఒకసారి, వెనుక నుంచి ఒకసారి చదివి, ఇన్ని అక్షరాలకు సిరిసిల్ల మగ్గాలన్నీ కలిసి నేసినా గుడ్డ సరిపోదని తేల్చాడు. సాయంత్రానికి తన సొంత తెలివితో క్లుప్తంగా రాసి గేటుకు కట్టి వెళ్ళిపోయాడు:

"గ్యాస్ కంపెనీకి మనుషులు కావలెను."

మన దగ్గర గ్యాస్ కొట్టడమంటే కోతలు కోయడం. మర్నాడు తెల్లారేసరికి జగిత్యాల సగం మా గేటు ముందుంది. మిగతా సగం దారిలో ఉంది.

"సారు, గ్యాస్ కొట్టెటోళ్లు కావాల్నటగా," అన్నాడొకడు, పక్కనున్న లావుపాటి మనిషి భుజం మీద చెయ్యేసి. "గీన మా బావ. నోరు తెరిస్తె గ్యాసే. గీనకు పరీక్ష గూడ అక్కర్లేదు."

ఆ బావగారు వినయంగా నమస్కారం పెట్టాడు.

నిజమైన వెల్డర్లూ వచ్చారు. సిరిసిల్ల నేత కుర్రాళ్ళు కొందరు, తెగిన పోగును మగ్గం నడుస్తుండగానే ముడేసే చేతులవాళ్ళు, వెల్డింగులోనూ అంతే ఒడుపుగా ఉన్నారు. కానీ పని చేసేవాళ్ళ కన్నా చూసేవాళ్ళు ఎక్కువ. మిల్లు గోడ మీద చోటు దొరకక ఒక మేక కూడా తిరిగి వెళ్ళిపోయింది. ఏం కడుతున్నరు, గాలికి పైపెందుకు, గాలిని కొనేటోడెవడు? రోజంతా ఇవే ప్రశ్నలు. ఒక పోలీసు అధికారి జీపులో వచ్చి, మేం కోసిన పైపు ముక్కలు తపంచాల కోసం, అంటే నాటు తుపాకుల కోసం, కాదు కదా అని ఒక్కొక్క ముక్కలోంచీ కన్నుపెట్టి చూశాడు. ప్రతి ముక్కలోంచీ అవతల నేనే కనిపించేసరికి విసుగొచ్చి వెళ్ళాడు.

వచ్చినవాళ్ళలో నర్సయ్య ఒకడు. కోరుట్లలో గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే చిన్న షాపు. చేతి పని చూస్తే ఇతని కోసమే మంట పుట్టిందనిపించేది. కానీ అంతకు ముందు ఒక ఏజెంటు అతన్ని బొంబాయి దాకా తీసుకుపోయి, విమానం టైరు పంక్చరైంది, బాగుకాగానే కబురు పెడతానని చెప్పి మాయమయ్యాడు. అప్పట్నుంచి ఊళ్ళో అతని పేరు పంక్చర్ నర్సయ్య. ఈసారి కూడా ఉత్త చేతులతో తిరిగొస్తే, ఆ పేరు రేషను కార్డులో కూడా ఎక్కుతుందని అతని భయం. గల్ఫ్ పోవడానికి ఇదే ఆఖరి ప్రయత్నం, ఇది తప్పితే ఇంట్లో ఇక ఒప్పుకోరని నాతో చెప్పాడు.

ఇంట్లో అంటే భార్య కాదు, అత్త. పేరు లచ్చవ్వ, రాయికల్ మనిషి, బీడీలు చుడుతుంది. ఆమె వేళ్ళు బీడీ ఆకు మీద ఎంత వేగంగా నడుస్తాయో, నోరు మనుషుల మీద అంతకు రెట్టింపు వేగంతో నడుస్తుంది. రెండు రోజులు మా గేటు దగ్గర చేట ముందు పెట్టుకుని కూర్చుని, బీడీలు చుడుతూ నన్ను కనిపెట్టి చూసింది. మూడో రోజు రాలేదు. ఆమెకు బదులు మధ్యాహ్నం సైకిలు మీద ఒకతను వచ్చాడు. లుంగీ, మాసిన చొక్కా, మెత్తటి మాట. సంఘం మనిషినని చెప్పాడు. సంఘం అంటే అప్పట్లో అడవిలోని అన్నలకు ఊళ్ళో ఉన్న చెవులు, కొన్ని వేళల చేతులు కూడా.

గల్ఫ్ పేరు చెప్పి జనాన్ని ముంచిన ఏజెంటుకు కిందటి నెలలో అరగుండు గీసి ఊరేగించామని అతను ఎంతో మర్యాదగా తెలిపాడు. నీ కంపెనీ మీద కూడా ఫిర్యాదు అందింది, రాయికల్ అంగడి రోజు జనం ముందర నిలబడి మీరు కట్టేదేందో చెప్పు, జనం ఒప్పుకుంటే క్యాంపు నడుస్తది, ఒప్పుకోకుంటే సామాను సర్దుకో అన్నాడు. ఆ రోజుల్లో నాకు జుట్టుండేది. మామూలు జుట్టు కాదు, ఏటా డజను దువ్వెనలు ప్రాణాలు వదిలే జుట్టు. కానీ నాకన్నా ఎక్కువ వణికింది నర్సయ్య. నా జుట్టు మళ్ళీ మొలుస్తుంది. అతని అవకాశం మొలవదు.

అంగడి రోజు, వారపు సంతలో, నన్ను మిరపకాయల బస్తాల మీద నిలబెట్టారు. మాట్లాడే ముందు పద్నాలుగు లోకాలకు వినబడేలా తుమ్మాను. సంఘం మనిషి ఒక పక్క నిలబడ్డాడు. ఎదురుగా అంగడంతా, ముందు వరుసలో లచ్చవ్వ.

"ఫిర్యాదు నేనే చేసిన," అంది ఆమె. "చేస్తె తప్పా సారు? నా బిడ్డ మొగడు నవ్వులపాలైండు. మల్ల గ్యాస్ కంపెనీ అంటివి. చెప్పు, ఏం కడుతున్నరు?"

చెప్పాను. సముద్రం అడుగున భూమిలో గ్యాసు ఉంటుంది. దాన్ని పైకి తీసి, కడిగి, చలికాలం చలి కాదు, మంచుగడ్డ కూడా రగ్గు కప్పుకునేంత చలిలో పెడతారు. అప్పుడది నీళ్ళలా మారుతుంది. ఓడల్లో పోసి పంపుతారు.

"ఎవలు కొంటరు?" అన్నాడు సంఘం మనిషి.

"జపానోళ్ళు."

"జపాన్ల పేదోళ్ళా, పెద్దోళ్ళా?"

ఇద్దరి పొయ్యిల్లోకీ పోతుందన్నాను. ఆ జవాబు అతనికి పర్వాలేదనిపించినట్టుంది.

"గాలిని గాలిగనే పంపరాదా? నీళ్ళెందుకు జేసుడు?" అని మేకలవాడొకడు అడిగాడు.

అక్కడే ఇరుక్కున్నాను. జీవితంలో నేను చెప్పిన ప్రతి సంగతికీ కొంచెం ఉప్పు, కొంచెం కారం కలిపే చెప్పాను. ఆ ఒక్క రోజు మాత్రం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆరు వందల బిందెల గ్యాసు నీళ్ళయితే ఒక్క బిందెలో పడుతుంది, అందుకే అని.

అంగడి నవ్విన నవ్వుకు మామిడికాయల గంపలు రెండు పడిపోయాయి. "గీయన ముందర మా బావ పనికిరాడు," అని వెనుక నుంచి వినబడింది.

లచ్చవ్వ నవ్వలేదు. అంగట్లో ఎవరైనా పెద్ద సంఖ్య చెబితే చేయాల్సిందేదో అదే చేసింది.

"ఆరు నూర్లు మస్తు ఎక్కువ సారు. ఇన్నూరు జేయి."

నాకు అర్థం కాలేదు. "ఇన్నూరు కాదవ్వా, ఆరు నూర్లు."

"సరే తీయి. నీ మాట ఒద్దు, నా మాట ఒద్దు. మున్నూరు."

"బేరం కాదవ్వా ఇది, లెక్క."

"లెక్కనే జెప్తున్న. గాలి నీది, బిందె నీది, నాకేం పోయింది? మూడున్నర నూర్లు. గదే ఆఖరు."

మిరపకాయలాయన జాలిపడ్డాడు. "నాలుగు నూర్లకు ఇచ్చెయ్యి సారు, పొద్దుగాల బోణి బేరం ఎనుకకు పోనియ్యద్దు."

నేను తల అడ్డంగా ఊపాను. లచ్చవ్వ కొంగు దులిపి, వెనుదిరిగి నడిచింది. సంఘం మనిషి జేబులోంచి చెయ్యి తీసి నా జుట్టు వైపు చూశాడు. నర్సయ్య బస్తా పక్కకొచ్చి నా పంట్లాం పట్టుకు లాగాడు.

"సారు, మా అత్త పోతుంది. నాలుగు నూర్లని అనుండ్రి. గల్ఫ్‌ల గాలిని ఎవడు బిందెలతోని కొలుస్తడు?"

నాలుగు వందలన్న మాట నాలుక చివరి దాకా వచ్చి చెప్పులు తొడుక్కుంటోంది. అతని ముఖం చూస్తే నాకూ పోనీలే అనిపించింది. కానీ పాతికేళ్ళు నిండకముందు నుంచి నేను చేసే ఉద్యోగం ఒక్కటే, కొలత ఎంతుంటే అంతని చెప్పడం. బొంబాయి నుంచి గ్రేడ్ వన్ అధికారి ఫోను చేసి అడిగినా పైపు మందం నూలు పోగంత పెరగదు. "తగ్గదు నర్సయ్యా," అన్నాను, అందరికీ వినబడేలా. "మీ అత్త పోతే పోనీ. ఒక్క బిందె కూడా తగ్గదు."

లచ్చవ్వ చింతపండు కుప్పల దాకా పోయింది. ఒకసారి ఆగింది. నేను పిలవలేదు. గొంతులో మిరప ఘాటు ఉండి పిలవలేకపోయానని కొందరంటారు, అదీ కొంత నిజమే. ఆమె మెల్లగా తిరిగొచ్చింది.

"గీయన చెప్పేది నిజమే," అంది సంఘం మనిషితో.

"ఎట్ల నిజమవ్వా? ఆరు నూర్ల బిందెలంటుండు."

"దొంగ సరుకు అమ్మెటోడైతె నేను మర్రంగనే పిలుస్తుండె, అవ్వా రా, అవ్వా రా అని. గా ఏజెంటుగాన్ని రెండేండ్ల పని కాదు ఐదేండ్లు గావాలన్న, సరే అన్నడు. రూముల ఒక్కడే ఉండాలన్న, సరే అన్నడు. విమానంల కిటికి పక్కన సీటన్న, దానికీ సరే అన్నడు. అడిగిందల్ల ఇచ్చిండు, విమానమే ఇయ్యలే. గీయన ఒక్క బిందె ఇడుస్తలేడు. సరుకున్నోడే గింత మొండికేస్తడు."

అంగడి అంతా అవునని తల ఊపింది. అక్కడ దానికి మించిన ధర్మశాస్త్రం లేదు. సంఘం మనిషి పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నాడు. క్యాంపు నడుపుకోమన్నాడు. ఒక్క షరతు పెట్టాడు, ఫెయిలైనవాడికి ఎందుకు ఫెయిలయ్యాడో పగులు చూపించాలె, ఊరికె పొమ్మనద్దు. అది న్యాయమైన షరతు. ఆ తర్వాత నేను పెట్టిన ప్రతి క్యాంపులోనూ పాటించాను.

నర్సయ్య పరీక్షకు ఊరే వచ్చింది. పైపు చుట్టూ అతను కొంగా అయ్యాడు, గబ్బిలమూ అయ్యాడు. పట్టీలు కోసి ప్రెస్సులో వంచుతుంటే ఆ కిర్రుమన్న చప్పుడుకు జనం పళ్ళు బిగించారు. వంగిన పట్టీని ముందు నేను భూతద్దంతో చూశాను, తర్వాత, షరతు ఫెయిలైనవాళ్ళకే అయినా, లచ్చవ్వ చేతికీ ఇచ్చాను. ఆమె గోటితో అతుకు వెంట మెల్లగా గీకింది, ఎక్కడా గోరు ఆగలేదు.

"పగుల్లేదు," అంది. "అల్లుడా, పో."

నర్సయ్య ఆ నెల చివర విమానమెక్కాడు. టైర్లన్నీ బాగానే ఉన్నాయని దిగగానే రాయికల్ ఎస్టీడీ బూత్‌కు ఫోను చేసి అత్తకు కబురు పెట్టాడట.

ఈ ఉద్యోగం కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇందులో పనికొచ్చేది ఒకటుంది. రిటైరయ్యేదాకా ఏ కాంట్రాక్టరు కొలత చెప్పినా, గేజి పెట్టే ముందు, కొంచెం తగ్గించరాదా అని ఊరికే అడిగేవాణ్ణి. వెంటనే తగ్గించినవాడి అతుకులన్నీ ఎక్స్‌రేకు పంపేవాణ్ణి. కోపం తెచ్చుకున్నవాడికి టీ చెప్పేవాణ్ణి.